పెద్ద కోడలు ఏ1: ఒక టీవీ సీరియల్‌లోని హత్య కేసును బెంగళూరు సెషన్స్ కోర్టుకు తెచ్చి చూస్తే

హిందూపురంలో మా వీధి కుర్రాడొకడు ఇప్పుడు బెంగళూరులో ఉంటూ ఒక తెలుగు సీరియల్‌కు సీన్లు రాస్తున్నాడు. వాళ్లమ్మా మా అమ్మా ఒకే కొళాయి దగ్గర బిందెలు వరస పెట్టినవాళ్లు, అందుకని నన్ను అక్కా అంటాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అక్కా, మా హీరోయిన్ మర్డర్ కేసులో ఇరుక్కుంది, ఎట్లా బయటికి తేవాలో చెప్పవా, ఛానెల్ వాళ్లు రెండు వారాలే టైమిచ్చినారు, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. నేను లాయరుగా 19 ఏళ్లుగా బెంగళూరు సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసులే చేస్తున్నాను. "కథ నోటితో చెప్పొద్దు, స్క్రిప్టు పంపు, నిజం కేసు ఫైలు చదివినట్టే చదువుతా" అన్నాను. 42 ఎపిసోడ్లు పంపాడు. ప్రింటు తీసి, ట్యాగు దారం కట్టి, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుంటూ 4 రాత్రులు చదివాను. సీరియల్ పేరూ పాత్రల పేర్లూ బయట పెట్టొద్దన్నాడు కాబట్టి వరసలతోనే చెప్తాను.

చిక్కపేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు ఉన్న తెలుగు కుటుంబం, ఇల్లు బసవనగుడిలో. అత్త, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్ద కోడలు హీరోయిన్, ఆమెకు 4 ఏళ్ల పాప. మరిది బెట్టింగుల్లో షాపు డబ్బు తగలేశాడని లెక్కలు చూసి పట్టుకుంటుంది, అందరి ముందూ "ఇంకోసారి గల్లాపెట్టె ముట్టుకుంటే చంపి పాతరేస్తా" అంటుంది. ఆ రాత్రి మరిది స్నేహితుడికి ఫోన్ చేసి "వదిన మిద్దె మీదికి రమ్మంది, మాట్లాడి వస్తా" అంటాడు. అంతే, మనిషి కనబడడు. పొద్దున మిద్దె మెట్ల మీద రక్తం. రాత్రి 2 గంటలకు ఆమె బాత్రూమ్‌లో చీర ఉతుకుతుంటే భర్త చూశాడు. 4 రోజులకు కనకపుర రోడ్డు పక్కన నీలగిరి తోపులో కాలిన శవం దొరుకుతుంది, ఉంగరం చూసి అత్త "నా కొడుకే" అంటుంది. పూజలో కూర్చున్న కోడల్ని రాత్రి 9 గంటలకు అరెస్టు చేస్తారు, స్టేషన్లో నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెడుతుంది, ఇంటి సంపులోంచి కత్తి తీస్తారు. 11 రోజులకు విచారణ మొదలై 6 ఎపిసోడ్లలో అయిపోతుంది. తీర్పు చదవబోతుండగా ఆడపడుచు పెన్‌డ్రైవ్ పట్టుకుని పరిగెత్తుకొస్తుంది, వీడియో చూసి అత్త బోనులోనే "నేనే చంపాను" అని ఏడుస్తుంది, జడ్జి కోడల్ని విడుదల చేసి అదే ఊపులో అత్తకు ఉరిశిక్ష వేస్తాడు. ఇక రెండో భాగంలో మరిది బతికే తిరిగొస్తాడు.

చదవడం అయ్యాక వాడికి మొట్టమొదట చెప్పిన మాట ఇది: నీ హీరోయిన్ మీద కేసు నువ్వనుకున్నదాని కంటే చాలా గట్టిది, నువ్వు తప్పు పోయింది విచారణ దగ్గర.

గట్టిది అని ఎందుకన్నానంటే, మరిది ఫోన్లో అన్న ఆ ఒక్క వాక్యం. వాడు కథ నడవడానికి యథాలాపంగా రాసేశాడు. మా క్రిమినల్ లాయర్లకు ఆ వాక్యం వినగానే గుర్తొచ్చేది పాకాల నారాయణస్వామి ముద్దాయిగా ఉన్న కేసు. 1937 మార్చిలో పూరీలో ఆగిన రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకు దొరికింది, అందులో ముక్కలు చేసిన శవం. పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పని చేసిన మనిషిది. అతను ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు భార్యతో, నాకు రావలసిన డబ్బు తీసుకుపొమ్మని నారాయణస్వామి భార్య ఉత్తరం రాసింది, బరంపురం వెళ్తున్నాను అని చెప్పాడు. చనిపోయినవాడు చెప్పిన ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా అనే తగువు అప్పట్లో మనకు ఆఖరి కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది, 1939లో చెల్లుతుందన్నారు. మనిషి చావు అంచున ఉండి చెప్పనక్కర్లేదు, తన చావుకు దారి తీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాటైతే చాలు. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 26వ సెక్షన్ కింద అదే సూత్రం నడుస్తోంది. అంటే ఆ స్నేహితుడు బోనెక్కి "వదిన రమ్మంది అన్నాడు సార్" అన్నాడంటే, రక్తం కంటే, చీర కంటే ముందు ఆమెను మిద్దె మీద నిలబెట్టేది ఆ మాటే. వాడి స్క్రిప్టులో స్నేహితుడు ఆ తర్వాత ఎక్కడా కనబడడు. ప్రాసిక్యూషన్ మొదటి వరసలో కూర్చోబెట్టే సాక్షిని వాడు మర్చిపోయాడు.

భర్త సాక్ష్యం సంగతి ఇంకా బాగుంటుంది. వాడి సీన్లో భర్త బోనెక్కి "ఆ రాత్రి నా భార్య నాతో, నా వల్లే జరిగిందండీ అంది" అని చెప్తాడు, కోర్టు హాలు గొల్లుమంటుంది. నిజం కోర్టులో ఆ ప్రశ్న సగంలో ఉండగానే నేను లేచి నిలబడతాను. పెళ్లయిన భార్యాభర్తల మధ్య నడిచిన మాటలు, చెప్పిన మనిషి ఒప్పుకోకుండా కోర్టులో బయట పెట్టకూడదు, అది అదే సాక్ష్య అధినియమ్‌లో 128వ సెక్షన్. నేరం ఒకరి మీద ఒకరు చేసుకున్నదైతే ఆ రక్షణ ఉండదు, కానీ ఇక్కడ పోయింది మరిది కాబట్టి ఉంటుంది. అయితే కళ్లతో చూసింది వేరు. 1954లో రామ్ భరోసే కేసులో సుప్రీంకోర్టు ఈ గీత చాలా స్పష్టంగా గీసింది: తెల్లవారుజామున భర్త మిద్దె దిగి రావడం, గడ్డి కొట్టంలోకి పోవడం, స్నానం చేసి అదే పంచె మళ్లీ కట్టుకోవడం భార్య చూసింది, అది చెప్పొచ్చు అన్నారు, అతను ఆమెతో అన్న మాటలు మాత్రం పక్కన పెట్టారు. కాబట్టి మన కథలో భర్త చీర ఉతకడం చూశానని చెప్పొచ్చు, ఆమె ఏమందో చెప్పకూడదు. ఇది చెప్పగానే వాడు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే అక్కా, మొగుడికి భార్య అన్న మాట తెలుసు, చెప్పాలనుకుంటాడు, కానీ చెప్పనివ్వరు, అంతేనా" అన్నాడు. అంతే నాయనా, దాన్ని రాయి అన్నాను. బోనులో నిలబడి నోరు తెరిచి మూసుకునే మనిషి కంటే పెద్ద సీనేముంటుంది!

స్టేషన్లో సంతకం పెట్టిన కాగితం గురించి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. మా దగ్గర దాన్ని స్వ ఇచ్ఛా హేళికె అంటారు, ఛార్జిషీటులో కన్నడంలో టైపు చేసిన 4, 5 పేజీలు ఉంటాయి, అడుగున సంతకమో వేలిముద్రో. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో పనికిరాదు, సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. సీరియల్లో మాత్రం ఆ కాగితం జడ్జికి అందగానే కేసు అయిపోయినట్టు సంగీతం వాయిస్తారు. దాని వల్ల జరిగేదేంటో నాకు తెలుసు. మా దగ్గరికి వచ్చే తల్లులు, భార్యలు మొదటి మాటే "సంతకం పెట్టేసినాడమ్మా, ఇంకేముంది" అంటారు, ఆ దిగులుతో వారాల తరబడి లాయరు దగ్గరికే రానివాళ్లను చూశాను.

ఆ ఒప్పుకోలులోంచి చెల్లేది ఒక్క తునక. దాని సూత్రం మళ్లీ మన తెలుగువాళ్ల కేసులోంచే వచ్చింది, గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై ప్రివీ కౌన్సిల్‌కు పోయిన పులుకూరి కొట్టయ్య కేసు, 1947లో రిపోర్టయింది. ముద్దాయి "ఈటెతో పొడిచాను, ఫలానా చోట దాచాను, చూపిస్తాను" అంటే, పొడిచాను అన్నది పోతుంది, దాచిన చోటు చూపించి అది అక్కడ దొరికితే ఆ చోటు ఇతనికి తెలుసు అన్నంత వరకు మిగులుతుంది. మన కోడలి విషయంలో "కత్తి సంపులో ఉంది" అన్నది మిగులుతుంది. దీన్ని కొట్టడానికి నేనేం చేస్తానో వాడికి రాసిచ్చాను: ఆ సంపు మూత మీద రోజూ ఆరుగురు నడుస్తారు, మోటారు వేసేది పనిమనిషి, నీళ్ల ట్యాంకరు వాడు వచ్చి మూత తీసి పైపు వేసిపోతాడు, అందరికీ తెలిసిన చోటు కదా. మహజర్ మీద, అంటే జప్తు పంచనామా మీద, సాక్షులుగా సంతకం పెట్టిన పంచరు ఎవరు, స్టేషన్ ఎదురుగా టీ కొట్టువాడేనా? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, సోదా, జప్తు అంతా ఆడియో, వీడియో తీయాలి, ఆ వీడియో ఏది?

ఇక్కడే వాడి కథలో పెద్ద చిల్లు కనబడింది. "ఆమె చంపలేదు కదా, మరి కత్తి సంపులో ఉందని ఆమెకెట్లా తెలుసు?" అని అడిగాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు. ప్రాసిక్యూటరు అడిగే మొదటి ప్రశ్న అదే. రెండు రోజులకు ఒక జవాబు తెచ్చాడు, నాకు నచ్చింది: ఆ రాత్రి సంపు దగ్గర అత్త నీడ చూసింది, మరిది రక్తం మెట్ల మీద తొక్కితే చీర అంచుకు అంటింది, కానీ అత్త పేరు చెప్పలేక ఊరుకుంది. సరే, ఇప్పుడు మౌనానికి కారణం ఉంది, ఉతికిన చీరకూ కారణం ఉంది.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. మన కోర్టుల్లో జడ్జి బల్ల మీద చెక్క సుత్తి ఉండదు. భగవద్గీత మీద చెయ్యి పెట్టించరు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి మీదో అంతరాత్మ మీదో ప్రమాణం చేయిస్తారు. ఆడవాళ్లను పొద్దు గుంకాక, తెల్లారకముందు అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి రిపోర్టు రాసి మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. అత్త ఢిల్లీ నుంచి పెద్ద లాయరును తెచ్చి కోడల్ని నిలదీయిస్తుందని రాశాడు, సెషన్స్ కోర్టులో కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరు, బాధితుల తరఫు లాయరు ఆయనకు సాయం చేయొచ్చు, వాదన రాసివ్వొచ్చు, సాక్షుల్ని తానే ప్రశ్నించలేడని 2019లో రేఖా మురార్కా కేసులో తేల్చారు. సాక్షులందరూ బెంచీల మీద కూర్చుని ఒకరి సాక్ష్యం ఒకరు వినడం కూడా కుదరదు, పిలిచేదాకా బయట వరండాలో ఉండాలి. బలవంతంగా నార్కో టెస్టు చేయించే ఎపిసోడ్ మొత్తం తీసెయ్యమన్నాను, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు పేరే సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక, మన ఊళ్లో సీరియల్ రాసేవాడికి అది తెలియకపోతే ఎట్లా.

11 రోజులకే మొదలయ్యే విచారణ గురించి మాత్రం చాలాసేపు పోట్లాడుకున్నాం. "జనం రెండేళ్లు ఆగరక్కా" అంటాడు. ఆగక్కర్లేదు, కాలం దాటించే పద్ధతి మీకే బాగా తెలుసు కదా అన్నాను. నిజంగా జరిగేది ఇది: అరెస్టయిన 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందుకు, అక్కడి నుంచి పరప్పన అగ్రహార జైలుకు. 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఛార్జిషీటు పడ్డాక మేజిస్ట్రేట్ ఆ కేసును సెషన్స్‌కు పంపుతాడు, అప్పుడు కెంపేగౌడ రోడ్డులో మా కోర్టుకు వస్తుంది, అప్పుడు అభియోగాలు, అప్పుడు సాక్షులకు సమన్లు. నా చేతి మీదుగా పోయిన హత్య కేసుల్లో ఛార్జిషీటు నుంచి తీర్పు దాకా రెండేళ్ల లోపు ముగిసింది ఒక్కటీ లేదు.

ఆ రెండేళ్లలో కథ లేదనుకోవడమే వాడి పొరపాటు. ఆమెకు పాప ఉంది. తల్లి జైల్లో ఉంటే 6 ఏళ్ల లోపు పిల్లల్ని తల్లి దగ్గర ఉంచుకోనివ్వాలని 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాపను లోపలికి తెచ్చుకోవాలా, అత్త దగ్గరే వదలాలా? ఆ ప్రశ్న నేను నిజంగా ఆడవాళ్లను అడిగాను, వాళ్లు జైలు ములాఖత్ కిటికీ అవతల నిలబడి జవాబు చెప్పలేక చీర కొంగు వేలికి చుట్టుకోవడం చూశాను. ఇక బెయిలు. స్క్రిప్టులో బెయిలు అన్న మాటే లేదు! పాత కేసులు లేని ఆడమనిషికి, అందులోనూ ఛార్జిషీటు పడ్డాక, హైకోర్టు దాకా వెళ్తే బెయిలు దొరికే అవకాశం బాగానే ఉంటుంది. కానీ సాక్షుల్ని కలవకూడదు, ఆ ఇంటి ఛాయలకు పోకూడదు అని షరతు పెడతారు. సాక్షులెవరు? అత్త, భర్త, ఆడపడుచు. అంటే బయటికొచ్చాక కూడా సొంత ఇంటి గడప తొక్కలేదు, బసవనగుడిలో వీధి చివర నిలబడి స్కూలు వ్యాను ఎక్కే పాపను చూసి రావాలి. వాడు ఇది విని నోట్‌బుక్ తీశాడు.

భాష సంగతి కూడా రాయించాను. ఇక్కడి కోర్టుల్లో సాక్ష్యం కన్నడంలో టైపు అవుతుంది. తెలుగు సాక్షి తెలుగులో చెప్తే అది కన్నడంలోకి మారి కాగితం ఎక్కుతుంది. "చంపి పాతరేస్తా" అని మనం పిల్లల్ని కూడా అంటాం, టైపు అయినప్పుడు అది "కొందు హూతు హాక్తీని" అవుతుంది, చదివితే పక్కా బెదిరింపు. శవాన్ని మాయం చేశారన్న కేసులో పాతరేస్తా అన్న మాట ఎంత బరువెక్కుతుందో చూడండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అత్తనే అడగాలి: మీరు మీ కూతుర్ని ఎప్పుడైనా చంపుతానని అన్నారా, అందరం అంటామమ్మా అని ఆమె నవ్విందా, ఆ ఒక్క జవాబుతో ఆ మాట బరువు సగం దిగిపోతుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే, ఎందుకో చెప్పాలి.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక కేసు వచ్చింది, వివరాలు మార్చి చెప్తున్నాను. కొడుకు హత్య కేసులో ముద్దాయి. ఆ రాత్రి తను వేరే ఊరి నుంచి బస్సులో వస్తున్నానని మొదటి నుంచీ అంటున్నాడు. ఆధారం లేదు. 14 నెలలు గడిచాక, సాక్షుల విచారణ నడుస్తుండగా, వాళ్లమ్మ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో పసుపు రాసిన గుడ్డ, గుడ్డలో మడత పెట్టిన బస్సు టికెట్. అరెస్టు రోజు చొక్కా జేబులో దొరికితే దేవుడి పటం వెనక దాచిందట. మెషిన్లో వేడితో అచ్చయ్యే టికెట్ అది. తెల్లగా ఉంది. లైటుకు ఎదురుగా పెట్టి చూశాను, ఒక మూల బూడిద రంగులో రెండు గీతలు తప్ప ఒక్క అంకె లేదు. "ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదమ్మా" అంటే, "తీర్పు రోజు ఇద్దామని, ముందే ఇస్తే వాళ్లు మాయం చేస్తారు కదమ్మా, సీరియల్లో అట్లే చేస్తారు" అంది. బస్సు మెషిన్ లెక్కల కోసం అర్జీ పెట్టాం, అప్పటికి అవి దొరకలేదు. ఆ అబ్బాయి చివరికి వేరే కారణాల మీద నిర్దోషిగా బయటికొచ్చాడు, కానీ దానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. ఆ టికెట్ రంగు పోకముందు నా చేతికి వచ్చుంటే మొదటి బెయిల్ పిటిషన్‌లోనే పెట్టేదాన్ని.

అందుకని వాడితో, ఆఖరి నిమిషం సాక్ష్యం ఉండకూడదు అనడం లేదు, ఉన్నదాన్ని చట్టం ఎట్లా తీసుకుంటుందో అట్లా చూపించు అన్నాను. తీర్పు చదవకముందు ఏ దశలోనైనా, న్యాయంగా తేల్చడానికి అవసరమనిపిస్తే కోర్టు సాక్షిని పిలవొచ్చు, పాత చట్టంలో 311, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 348. దానికి అర్జీ పెట్టాలి, ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్తాడు, ఇన్నాళ్లు ఎక్కడ దాచావని ఆడపడుచును నిలదీస్తాడు. పెన్‌డ్రైవ్ పెట్టగానే కోర్టులో బొమ్మ పడదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఒక భాగం దాన్ని తెచ్చినవాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ అందులో రాయాలి. సర్టిఫికెట్ తప్పనిసరని పాత చట్టం కిందే 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ఖాయం చేశారు. తర్వాత వీడియోను మడివాళలో ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని అవతలివాళ్లు అడుగుతారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆడపడుచు ఆ ఇంట్లోనే, అత్త వండిన అన్నమే తింటూ ఉండాలి. పరుగు ఒక్క ఎపిసోడ్, ఈ ఎదురుచూపు 20 ఎపిసోడ్లు వస్తుంది అన్నాను. ఛానెల్‌కు నచ్చింది కూడా ఈ మాటే.

అత్త బోనులో ఒప్పుకోవడం అసాధ్యమేమీ కాదు. కానీ ఆమె అక్కడ సాక్షి, ముద్దాయి కాదు. ఆమె మీద అభియోగం లేదు, ఆమెకు లాయరు లేడు, ఆమెకు శిక్ష వేసే ప్రశ్నే లేదు. జడ్జి చేయగలిగింది సురక్షా సంహిత 358వ సెక్షన్ కింద ఆమెను కూడా ముద్దాయిగా పిలవడం, అప్పుడు ఆమె వరకు విచారణ మొదటి నుంచి నడవాలి, సాక్షులందరూ మళ్లీ రావాలి. ఇందులో ఒక సన్నని మెలిక ఉంది, నాకు ఈ కేసు మొత్తంలో అత్యంత ఇష్టమైనది అదే. 2022లో సుఖ్‌పాల్ సింగ్ ఖైరా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందేంటంటే, కేసు కొట్టేసే పక్షంలో ఆ తీర్పు చెప్పకముందే కొత్త ముద్దాయిని పిలిచే ఉత్తర్వు ఇవ్వాలి. కోడల్ని విడుదల చేస్తున్నాను అని జడ్జి నోటి నుంచి వచ్చాక అత్త ఒప్పుకుంటే ఈ దారి మూసుకుపోతుంది, పోలీసులు వేరే దారి వెతుక్కోవాలి. అంటే అత్త ఏ నిమిషంలో నోరు తెరుస్తుందన్న దాని మీద అంతా ఆధారపడి ఉంది. ఉరిశిక్ష మాటైతే, దోషి అని తేలాక శిక్ష మీద విడిగా వాదన వినాలి, 1980 బచన్ సింగ్ కేసు నుంచి అది అరుదైన వాటిలో అరుదైన కేసుకే, వేసినా హైకోర్టు ఖరారు చేయందే అమలు కాదు. మా అమ్మ సీరియల్ చూస్తూ "ఆ పిల్లకు ఉరి పడుతుందా ఏంటే" అని నన్ను నిజంగా దిగులుగా అడుగుతుంది, ఆమె లాంటివాళ్లకు ఈ ముక్క తెలియాలి.

స్క్రిప్టులో అసలు లేని సీను ఒకటి నేనే పెట్టించాను. ప్రాసిక్యూషన్ సాక్షులయ్యాక జడ్జి ముద్దాయిని సూటిగా ప్రశ్నిస్తాడు, 351వ సెక్షన్. ప్రమాణం ఉండదు, అబద్ధం చెప్పినా దానికి శిక్ష లేదు, లాయరు ప్రశ్నలు కాదు. సాక్ష్యంలో ఆమెకు వ్యతిరేకంగా వచ్చిన ఒక్కొక్క సంగతీ చెప్పి, దీనికేమంటావు అని అడుగుతారు. ఇక్కడ చాలామంది ముద్దాయిలు అన్నింటికీ ఒకటే మాట చెప్తారు, "సుళ్ళు", అంటే అబద్ధం. పేజీ నిండా ప్రశ్నలు, ప్రతి ప్రశ్న కింద సుళ్ళు, సుళ్ళు, సుళ్ళు. మన కోడలు కూడా అట్లాగే చెప్తూ వస్తుంది. చీర ఉతికావట, సుళ్ళు. కత్తి చూపించావట, సుళ్ళు. 37వ ప్రశ్న, మరిదిని మిద్దె మీదికి పిలిచావట. అక్కడ ఆగిపోతుంది. టైపిస్టు వేళ్లు కీబోర్డు మీద ఆగుతాయి. ఆమె అత్త వైపు చూసి, తెలుగులో, "పిలిచినాను సార్, తిట్టడానికి కాదు, నా గాజులు అమ్మి అప్పు కట్టుకోమని ఇయ్యడానికి" అంటుంది. ఈ డైలాగు వాడిదే, నాది కాదు, నేను అడిగింది ఆ ప్రశ్న మాత్రమే.

మరిది తిరిగి రావడం గురించి నేను వెక్కిరిస్తానేమో అని వాడు భయపడ్డాడు. వెక్కిరించలేదు, ఎందుకంటే ఇది మా రాష్ట్రంలోనే జరిగింది. కొడగు జిల్లా కుశాలనగర దగ్గరి ఒక గిరిజనుడి భార్య కనబడకుండా పోయింది, మైసూరు జిల్లాలో ఒక అస్థిపంజరం దొరికితే అది ఆమెదే అని అతని మీద హత్య కేసు పెట్టారు, ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. అది ఆమెది కాదని డీఎన్ఏ నివేదిక కూడా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆమె మడికేరిలో బతికే కనబడింది, మైసూరు కోర్టు అతన్ని నిర్దోషి అని వదిలి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. కాబట్టి ఉంగరం చూసి తల్లి గుర్తు పట్టడం, డీఎన్ఏ రిపోర్టు చేతికి రాకముందే ఛార్జిషీటు పడటం, రెండూ నమ్మదగ్గవే. శవమే దొరకకపోయినా హత్య కేసు నిలబడుతుందని 1981లో రామానంద్ కేసులోనే చెప్పారు. అత్త బోనులో ఒప్పుకున్నది కూడా ఇప్పుడు అర్థమవుతుంది: అప్పులవాళ్లకు దొరక్కుండా కొడుకు దాక్కున్నాడు, మెట్ల మీద రక్తం వాళ్లిద్దరి నాటకం, వాడు బతికున్నాడని చెప్పలేక నేరం నెత్తిన వేసుకుంది.

రెండు విషయాల్లో మాత్రం ఒప్పుకోలేదు. ఒకసారి ఈ కేసు నడిచింది కాబట్టి తిరిగొచ్చిన మరిదిని కోడలు నిజంగా చంపినా మళ్లీ కేసు ఉండదని వాడు రాశాడు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదు, శిక్షించకూడదు అంటే ఆ నేరానికే, ఆ రోజు జరిగిన దానికే. రేపు చంపితే అది రేపటి నేరం. రెండోది, ఆ నీలగిరి తోపులో కాలిన మనిషి. మరిది బతికే ఉన్నాడు, మరి అక్కడ కాలింది ఎవరు? స్క్రిప్టులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మైసూరు కేసు చదివినప్పుడు కూడా నన్ను నిద్ర పట్టనివ్వనిది ఆ అస్థిపంజరమే, ఎవరింట్లోనో ఒక తల్లి ఇంకా ఎదురు చూస్తూ ఉంటుంది కదా. కనీసం ఒక ఎస్సై ఆ ఫైలు మళ్లీ తెరిచినట్టు ఒక సీనైనా రాయమన్నాను.

ఇవాళ్టికి పరిస్థితి ఇది. భర్త నోరు మూసుకునే సీను, 37వ ప్రశ్న, బెయిలు షరతు, ల్యాబు రిపోర్టు కోసం ఎదురుచూపు ఛానెల్ ఒప్పుకుంది. స్నేహితుడి పాత్రకు మళ్లీ నటుణ్ని వెతుకుతున్నారు. రాత్రి అరెస్టు అప్పటికే షూట్ అయిపోయింది కాబట్టి ఉంటుంది, సుత్తి ఉంటుంది. ఎస్సై సీను ఇంకా తేలలేదు. చివర్లో నేను వాడిని ఒకటే అడిగాను, హీరోయిన్ తల్లి మొదటిసారి లాయరు ఆఫీసు మెట్లెక్కినప్పుడు, కూర్చోకముందే, ఆ లాయరు చేత ఒక మాట అనిపించమని. నిన్న రాత్రి రాసి వాయిస్ మెసేజ్‌లో చదివి పంపాడు: "అమ్మా, మీ దగ్గర టికెట్టు, రసీదు, ఫొటో, చిన్న చీటీ, ఏదున్నా సరే, ఇప్పుడే ఈ బల్ల మీద పెట్టండి." ఆ సీను వచ్చే బుధవారం షూట్ చేస్తారు.